పగడానికి వెలుగే తిండి



ఇంట్లో చేపల తొట్టి అనగానే మనకు గోల్డ్ ఫిష్‌లూ, అడుగున రంగురాళ్లూ, ఒక మూల బుడగలు వదిలే గొట్టమూ గుర్తుకొస్తాయి. ఈరోజు నేను చెప్పబోయే తొట్టి వేరు. అందులో ఉండేది ఉప్పునీరు. అందులో ముఖ్యంగా పెంచేది చేపల్ని కాదు, పగడాలని. దీన్నే రీఫ్ అక్వేరియం అంటారు. సముద్రంలో పగడపు దిబ్బల మీద సాగే బతుకును ఒక చిన్న గాజు తొట్టిలో నిలబెట్టడమన్నమాట.

దీని మీద ముచ్చటపడి దుకాణానికి వెళ్లేవాళ్లు మొట్టమొదట అడిగేది, 'ఏ చేప బావుంటుందండీ?' అని. అసలు ముందు అడగాల్సింది, 'దీని మీద ఏ లైటు పెట్టాలి?' అని. తొట్టి పెద్దదా చిన్నదా, అందులో ఏ పగడం బతుకుతుంది, నెలకు ఎంత ఖర్చవుతుంది, ఇవన్నీ ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీదే ఆధారపడతాయి. ఎందుకో చూద్దాం.

పగడం రాయి కాదు, మొక్క కాదు. అది జంతువు. జెల్లీఫిష్‌కు బంధువు. దాని ఒళ్లంతా ఒక చిన్న సంచి. పైన ఒక నోరు, నోటి చుట్టూ కదిలే మెత్తని టెంటకిల్స్. అలాంటి ఒక్కొక్క జీవిని పాలిప్ అంటారు. ఆ పాలిప్ కణాల లోపల కంటికి కనబడని నాచు ఉంటుంది. దాని పేరు జూజాంథెల్లే. చదరపు సెంటీమీటరు మేర లక్షల కొద్దీ ఉంటాయవి. వెలుతురు పడగానే ఆ నాచు చక్కెరలు తయారుచేస్తుంది. తనకు కావలసింది ఉంచుకుని ఎక్కువ భాగం పగడానికే ఇచ్చేస్తుంది. పగడం దానికి చోటిస్తుంది, తన వ్యర్థాల్లోని నత్రజనిని ఇస్తుంది. ఎండ బాగా తగిలే చోట బతికే పగడాలకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ నాచు నుంచే వస్తుంది. అంటే, చేపకు మనం మేత వేస్తాం, పగడానికి లైటు వేస్తాం. లైటు తక్కువైతే అది పస్తులుంటుంది.

ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం సంగతేమిటని మీరు అడగవచ్చు. నవరత్నాల్లో చెప్పే ఆ పగడం మధ్యధరా సముద్రంలో, వెలుతురు సరిగ్గా చేరని లోతుల్లో, రాతి గుహల్లో పెరుగుతుంది. దాని ఒంట్లో ఈ నాచు ఉండదు. నీటిలో కొట్టుకొచ్చే సూక్ష్మజీవుల్ని పట్టి తింటుంది. దిబ్బలు కట్టే పగడాల జాతి వేరు. వాటికి వెచ్చని నీరు, తేటనీరు, ఎండ, ఈ మూడూ కావాలి.

మన తీరాన్నే తీసుకోండి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఇంత పొడవున సముద్రం ఉంది. అయినా లక్షద్వీప్‌లో, అండమాన్‌లో, తమిళనాడు వైపు మన్నార్ సింధుశాఖలో, గుజరాత్‌లో కచ్ సింధుశాఖలో ఉన్నంతటి పగడపు దిబ్బలు మనకు లేవు. గోదావరి, కృష్ణ ఏటా తెచ్చిపోసే ఒండ్రూ, మంచినీరూ ఇందుకు పెద్ద కారణం. వరదల కాలంలో అంతర్వేది దగ్గర సముద్రం ఏ రంగులో ఉంటుందో చూసినవాళ్లకు తెలుసు. ఆ మట్టినీటిలో వెలుతురు లోపలికి దిగదు. మనకు పంటచేలను ఇచ్చిన ఒండ్రే పగడానికి ఎండ అందకుండా చేసింది. ఇంట్లో తొట్టి పెట్టేవాళ్లు తేటనీటికీ వెలుతురుకూ ఉన్న ఈ సంబంధాన్ని గుర్తుపెట్టుకోవాలి. నీరు పసుపు పచ్చగా మారినా, లైటు అద్దానికి ఉప్పు పొర కట్టినా పగడానికి అందే తిండి తగ్గిపోతుంది.

తొట్టి కొనకముందే తెలుసుకోవలసిన చట్టం ఒకటుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు పులికీ ఏనుగుకూ రక్షణ ఇచ్చేది. 2001లో పగడాలను కూడా ఆ షెడ్యూలులో చేర్చారు. దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ, నల్ల పగడం, ఫైర్ కోరల్, ఆర్గన్ పైప్ కోరల్, విసనకర్రలా పెరిగే సీ ఫ్యాన్‌లు, ఇవన్నీ అందులో ఉన్నాయి. వీటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం, కొనడం నేరం. రామేశ్వరంలోనో, అండమాన్‌లోనో ఒడ్డున దొరికిందని ఒక ముక్క జేబులో వేసుకురావడం కూడా తప్పే. కాబట్టి మన ఇంటి తొట్టిలో రాతి పగడాలు వద్దు. ఈ జాబితాలో లేని మెత్తని జాతులు కొన్ని ఉన్నాయి. పుట్టగొడుగుల్లా పరుచుకునే మష్రూమ్ పగడాలు, గుత్తులుగా పెరిగే జోయాంథస్, తోలులా మందంగా ఉండే లెదర్ పగడాలు. ఇవి కూడా తొట్టిలోనే పెరిగి, పిలకలుగా విడదీసినవైతేనే తీసుకోండి. ఎక్కడి నుంచి వచ్చిందో దుకాణదారు చెప్పలేకపోతే, బిల్లు ఇవ్వనంటే, కొనకుండా వచ్చేయండి. మష్రూమ్ పగడం తొట్టిలోనే ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. సముద్రం జోలికి వెళ్లవలసిన పనే లేదు.

ఇక తొట్టి సంగతి. మొదటిసారి పెట్టేవాళ్లకు 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 45 ఎత్తు ఉన్న తొట్టి సరిపోతుంది. అంచుదాకా నింపితే 120 లీటర్లు పడుతుంది. రాళ్లూ, పైన వదిలే ఖాళీ పోను 100 లీటర్ల నీరు నిలుస్తుంది. ఇంతకంటే చిన్నది సులువనుకుంటారు గానీ, నిజానికి అదే కష్టం. నీరు తక్కువగా ఉంటే వేడీ ఉప్పూ గంటల్లో మారిపోతాయి. నీరు, గాజు, రాళ్లు కలిపి నూటయాభై కిలోల దాకా తూగుతుంది. కాబట్టి గట్టి స్టాండు కావాలి. దాని మీద రసమట్టం పెట్టి చూడాలి. ఒక మూల పల్లంగా ఉన్నా గాజు అతుకు మీద ఒత్తిడి పడుతుంది. కిటికీ పక్కన పెట్టకండి. కిటికీ ఎండను మనం తగ్గించలేం, పెంచలేం. పైగా అది నీటిని వేడెక్కించి, గాజు మీద నాచు పట్టిస్తుంది.

నీరు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? విశాఖలో ఉన్నవాళ్లకు బీచ్ పక్కనే కదా అనిపిస్తుంది. నగరాల ఒడ్డున నీటిలో మురుగూ, నూనె తెట్టూ, మట్టీ కలుస్తాయి. అది వద్దు. బోరునీళ్లు అసలే వద్దు. మన తెలుగు నేలలో చాలాచోట్ల బోరునీటిలో ఖనిజాలు మెండు. నల్గొండ ఫ్లోరైడ్ గోస మనందరికీ తెలిసిందే. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఆర్వో నీరు కావాలి. అదీ వంటింట్లో తాగడానికి పెట్టుకున్న ఆర్వో సరిపోదు. అది రుచి కోసం కొన్ని ఖనిజాలను మిగులుస్తుంది, కొన్ని మిషన్లు తిరిగి కలుపుతాయి కూడా. పగడపు తొట్టికి టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న పదార్థాల లెక్క, సున్నాకు దగ్గరగా ఉండాలి. అందుకు ఆర్వో తరవాత రెజిన్ నింపిన మరో ఫిల్టర్ తగిలించాలి.

ఆ నీటిలో కలిపేది వంట ఉప్పు కాదు. వంట ఉప్పులో ఉండేది దాదాపు సోడియం క్లోరైడ్ ఒక్కటే. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 400 మిల్లీగ్రాముల కాల్షియం, 1,300 మిల్లీగ్రాముల మెగ్నీషియం, ఇంకా ఎన్నో ఉంటాయి. వాటన్నిటినీ కలిపి తయారుచేసిన రీఫ్ సాల్ట్ దుకాణాల్లో దొరుకుతుంది. 100 లీటర్లకు నాలుగు కిలోల దాకా పడుతుంది. బకెట్లో నీరు పోసి, చిన్న పంపు తిప్పుతూ, ఉప్పు కొద్దికొద్దిగా వేసి, ఒక రోజంతా కలవనివ్వాలి. రిఫ్రాక్టోమీటరుతో చూస్తే కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు చూపించాలి. సాంద్రత లెక్కలో 1.025 నుంచి 1.026.

ఒకసారి నింపాక రోజూ లీటరో లీటరున్నరో ఆవిరైపోతుంది. చినగంజాం ఉప్పుమళ్లలో జరిగేదే ఇక్కడా జరుగుతుంది. నీరు పోతుంది, ఉప్పు మిగులుతుంది. కాబట్టి తగ్గిన మేర ఉప్పు కలపని ఆర్వో నీరే పోయాలి. ఉప్పునీరు పోస్తూపోతే వారం తిరిగేసరికి తొట్టిలో ఉప్పు హెచ్చిపోతుంది.

రాళ్లు పెట్టండి. సముద్రం నుంచి తీసిన లైవ్ రాక్ కాకుండా, మట్టితో కాల్చి చేసిన రాళ్లు, కృత్రిమంగా పోతపోసిన రాళ్లు ఉన్నాయి. వాటి సన్నని రంధ్రాల్లో బ్యాక్టీరియా చేరాలి. అవే ఈ తొట్టికి అసలు ఫిల్టరు. చేప విసర్జించే అమోనియా విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. అది కొంతవరకు ఫరవాలేదు. ఈ గొలుసు కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాల్లో తొట్టిలో ఏ ప్రాణినీ వేయకూడదు. చిటికెడు చేపల మేత వేసి, అమోనియా పుట్టనిచ్చి, టెస్ట్ కిట్‌తో చూస్తూ ఉండాలి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వచ్చి, అక్కడే నిలిచాక తొట్టి సిద్ధమైనట్టు. ఈ ఆరు వారాలూ లైటు వేయనక్కరలేదు. ఆ బ్యాక్టీరియాకు వెలుతురుతో పని లేదు. వెలుతురు వేస్తే లాభపడేది పనికిరాని నాచే.

ఇప్పుడు అసలు విషయానికి, లైటు దగ్గరకు వద్దాం. లైటు గురించి మూడు సంగతులు చూసుకోవాలి. ఏ రంగు, ఎంత బలం, ఎన్ని గంటలు.

ముందు రంగు. ఎండ సముద్రంలోకి దిగేకొద్దీ నీరు దాన్ని కొంచెం కొంచెంగా మింగేస్తుంది. ముందుగా పోయేది ఎరుపు. పది మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు మాయమవుతుంది. చిట్టచివరిదాకా మిగిలేది నీలం. పగడంలోని నాచు ఆ నీలాన్నే అందిపుచ్చుకునేలా తయారైంది. అందుకే ఈ తొట్ల మీద నీలిరంగు లైట్లు కనిపిస్తాయి. అది అలంకారం కాదు. 450 నానోమీటర్ల దగ్గర ఉండే ఆ గాఢమైన నీలం పగడానికి ముఖ్యమైన ఆహారం. ఇదివరకు ఇందుకోసం మెటల్ హాలైడ్ దీపాలు వాడేవారు. వెలుతురు అద్భుతంగా ఉండేది గానీ, ఆ వేడికి నీళ్లు కాగేవి. జపాన్‌లో పుట్టిన శాస్త్రవేత్తలు అకసాకి, అమానో, నకమురా నీలి ఎల్ఈడీని సాధించాక ఆ అవస్థ తీరింది. 2014లో ఆ ముగ్గురికీ భౌతికశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. మన ఇళ్లలో తెల్లగా వెలిగే ఎల్ఈడీ బల్బు లోపల ఉన్నది కూడా ఆ నీలి దీపమే, పైన పసుపు పూత పూస్తారు. కొనేటప్పుడు నీలాన్నీ తెలుపునీ విడివిడిగా తగ్గించి పెంచుకునే వీలున్న లైటు చూసుకోండి. నీలం ఎక్కువ, తెలుపు తక్కువ ఉంచండి. మామూలు ట్యూబ్‌లైటుతోనో, మొక్కల తొట్టి లైటుతోనో ఈ పని జరగదు.

ఇక బలం. దీన్ని కంటితో అంచనా కట్టకూడదు. పగటి వెలుతురులో మన కన్ను ఆకుపచ్చకు స్పందించినంతగా 450 నానోమీటర్ల నీలానికి స్పందించదు, దానిలో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. అందుకని నీలి లైటు మనకు మసకగా కనబడుతుంది. పగడం మీద మాత్రం వెలుగు దండిగా పడుతూ ఉంటుంది. మసకగా ఉందని మనం పెంచుతూపోతాం, పగడం మాడిపోతుంది. ఫోన్‌లో వెలుతురు కొలిచే యాప్‌లు కూడా మన కంటి లెక్కనే అనుసరిస్తాయి కనుక వాటినీ నమ్మలేం. కిరణజన్య సంయోగక్రియకు పనికొచ్చే వెలుతురును కొలిచే మీటరు వేరే ఉంది. ఆ లెక్కను పార్ అంటారు. ఉష్ణమండలంలో నడి మధ్యాహ్నపు ఎండకు ఆ లెక్క 2,000 దాకా ఉంటుంది. మష్రూమ్ పగడానికి 50 నుంచి 100 చాలు. జోయాంథస్, లెదర్ పగడాలకు 80 నుంచి 150. కొమ్మల్లా పెరిగే రాతి పగడాలకైతే 200 దాటాలి, అవి ఎలాగూ మనం పెట్టుకోవడం లేదు. ఈ మీటరు ఖరీదైనది. దుకాణంలోనో, ఇదివరకే తొట్టి పెట్టినవాళ్ల దగ్గరో ఒక పూట అడిగి తెచ్చుకుని, ఇసుక మీద, రాళ్ల మధ్య, రాళ్ల పైన, మూడు ఎత్తుల్లో కొలిచి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితమే ఏ పగడం ఎక్కడ పెట్టాలో చెబుతుంది.

మనం చెప్పుకున్న తొట్టికి 50 వాట్ల మంచి రీఫ్ లైటు సరిపోతుంది. నీటి మీద 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున వేలాడదీయండి. మరీ కిందికి దించితే మధ్యలో మండిపోతూ, మూలలు చీకటిగా ఉంటాయి. మొదటి రోజే నిండు బలంతో వేయకండి. నాలుగో వంతుతో మొదలుపెట్టి, వారానికి కొంచెం చొప్పున నెలరోజుల్లో కావలసిన స్థాయికి తీసుకెళ్లండి. పగడంలోని నాచు వెలుతురుకు అలవాటుపడాలి. ఒక్కసారిగా వెలుతురు పెరిగితే ఆ నాచు పట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ పట్టుకుని, కణాలను దెబ్బతీసే రకం ఆక్సిజన్‌ను పుట్టిస్తుంది. పగడం దాన్ని భరించలేక నాచును బయటికి నెట్టేస్తుంది. అప్పుడు తెల్లబారుతుంది. సముద్రంలో జరిగేదీ ఇదే. నీటి వేడి మామూలు వేసవి గరిష్ఠం కంటే ఒక్క డిగ్రీ పెరిగి కొన్ని వారాలు నిలిచిందంటే చాలు, ఎండ తగిలే దిబ్బలు తెల్లబారతాయి. 1998లో లక్షద్వీప్‌లో, అండమాన్‌లో దిబ్బలు దిబ్బలే అలా పోయాయి.

పగడానికి వెలుతురు సరిపోతోందో లేదో దాన్ని చూస్తేనే తెలుస్తుంది. మష్రూమ్ పగడం ముడుచుకుని, అంచులు లోపలికి తిప్పుకుని, రంగు వెలిసిపోతుంటే వెలుతురు ఎక్కువైనట్టు. పల్చగా, మరీ వెడల్పుగా సాగిపోతుంటే తక్కువైనట్టు. జోయాంథస్ కాడలు పొడుగు సాగుతుంటే అది వెలుతురు కోసం పైకి లేస్తోందన్నమాట. ఏ మార్పు చేసినా ఒక్కటే చేయండి. చేసి, వారం పదిరోజులు చూడండి. లైటు, ఉప్పు, పంపు, మూడూ ఒకే రోజు మార్చారంటే దేనివల్ల ఏం జరిగిందో ఎవరూ చెప్పలేరు.

జోయాంథస్‌ను ఒక ఉదయం దగ్గర కూర్చుని చూడమని నా మనవి. లైటు వెలగకముందు ఒక్కొక్క పాలిప్ మూతి బిగించుకుని ఉంటుంది. నీలి దీపం నెమ్మదిగా వెలిగిన కాసేపటికి పైన చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. తరవాత అంచున ఉన్న టెంటకిల్స్ ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఇంకాసేపటికి పళ్లెం పూర్తిగా విచ్చుకుంటుంది. దాని నడుమ సన్నని గీత, అదే నోరు. పక్కనే ఉన్న పాలిప్ ఇంకా సగమే విచ్చుకుని ఉంటుంది. ఒక మెత్తని చేప ముక్క దాని మీదికి వదిలితే ఒక్కోసారి అంచులు మూసుకుని లోపలికి తీసుకుంటుంది. వెలుతురును తినే జీవి నోటితోనూ తింటుందని అప్పుడు కంటికి కనబడుతుంది.

ఇంత అందమైనదాన్ని చేత్తో పట్టుకునేటప్పుడు జాగ్రత్త అవసరం. జోయాంథస్‌లోనూ, దాని దగ్గరి బంధువు పాలిథోవాలోనూ పాలీటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. ప్రకృతిలో దొరికే అతి తీవ్రమైన విషాల్లో అదొకటి. 1971లో హవాయి శాస్త్రవేత్తలు దాన్ని విడదీశారు. రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. ముక్క కోసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోండి. అవి అంటుకున్న రాయిని ఎట్టి పరిస్థితుల్లోనూ వేడినీటిలో ఉడకబెట్టకండి. ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. పిల్లల చేతికి ఇవ్వకండి.

ఇక ఎన్ని గంటలన్నది. రోజుకు ఎనిమిది, తొమ్మిది గంటలు చాలు. టైమర్ పెట్టండి. ఇంట్లో అందరూ చూసుకునేలా మధ్యాహ్నం పన్నెండింటి నుంచి రాత్రి తొమ్మిది దాకా పెట్టుకోవచ్చు. మొదటి గంట నీలమే, చివరి గంట నీలమే, నడుమ తెలుపు కలపాలి. ఆ తరవాత పూర్తిగా చీకటి ఉండాలి. చుట్టాలొచ్చారని రాత్రి పదకొండింటికి మళ్లీ లైటు వేయకండి. పగడాలకు పగలూ రాత్రీ రెండూ కావాలి. 50 వాట్ల లైటు రోజుకు తొమ్మిది గంటలు వెలిగితే నెలకు పదమూడు, పద్నాలుగు యూనిట్లు కాలుతుంది. పంపులు రేయింబవళ్లు తిరుగుతాయి కాబట్టి వాటి లెక్క వేరు.

కరెంటు పోతే ఏమిటన్నది మన దగ్గర తప్పని ప్రశ్న. ఒక రోజు లైటు వెలగకపోయినా పగడానికి పెద్ద ముప్పు లేదు. పంపు ఆగితేనే ముప్పు. నీరు కదలకపోతే వేసవిలో కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ తగ్గిపోతుంది. ఇన్వర్టర్ ఉంటే లైటును కాకుండా చిన్న పంపును దానికి కలపండి. లేకపోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఉప్పునీరూ కరెంటూ పక్కపక్కనే ఉంటాయి కనుక ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, షాక్ తగలకుండా ఆపే బ్రేకర్ పెట్టించండి. ప్రతి వైరూ సాకెట్ కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా చూడండి. అప్పుడు వైరు వెంట జారిన నీటి చుక్క కిందే రాలిపోతుంది.

వేడి మరో పెద్ద సంగతి. నీరు 25, 26 డిగ్రీల్లో ఉండాలి. 28 దాటనివ్వకూడదు. రెంటచింతల, రామగుండం ఎండల గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. హైదరాబాదు పొడి ఎండల్లో ఇది బాగా పనిచేస్తుంది. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో నీరు అంత త్వరగా ఆవిరి కాదు కాబట్టి అక్కడ ఫ్యాన్ చాలదు. నీటిని చల్లబరిచే చిల్లర్ పెట్టుకోవలసిందే. ఆ ఖర్చు భరించలేమనుకుంటే ఈ తొట్టి జోలికి వెళ్లకపోవడమే మంచిది. మే నెలలో పగడాన్ని ఉడకబెట్టడం కంటే అది మేలు.

అన్నీ సరిగా పెట్టినా మొదటి నెలల్లో తొట్టి చూడ్డానికి బాగుండదు. ముందు గాజు మీద, ఇసుక మీద గోధుమ రంగు పొర వస్తుంది. తరవాత పచ్చని పీచు నాచు వస్తుంది. నత్తల్ని వేస్తే అవి వాటిని గీరి తింటాయి. వారానికి పదో వంతు నీరు మార్చండి. మేత తక్కువ వేయండి. నాచును చంపే మందులు పోయకండి. నెలలు గడిచాక రాళ్ల మీద గులాబీ, ఊదా రంగు పొర మెల్లగా పాకుతుంది. అది కోరలైన్ నాచు. అది కనబడిందంటే తొట్టి నిలదొక్కుకుందని అర్థం.

చేపలు ఆఖరున. ఈ తొట్టికి రెండు క్లౌన్ చేపలు చాలు. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు క్లౌన్ చేపల్ని హేచరీలో పొదిగించి పెంచే పద్ధతిని రూపొందించారు. హేచరీలో పుట్టిన చేపే కావాలని అడిగి తీసుకోండి. అది మనం వేసే మేతకు అలవాటుపడి ఉంటుంది, దానికోసం ఏ దిబ్బనూ కెలకలేదన్న నిశ్చింత మనకుంటుంది.

ఇంత శ్రమ ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక సంగతి చెబుతాను. మనం మొదటి పగడంగా పెట్టుకోమన్న మష్రూమ్ ఉంది చూశారూ, దాని శాస్త్రీయ నామం డిస్కోసోమా. 1999లో రష్యన్ శాస్త్రవేత్తలు మాస్కోలోని ఒక అక్వేరియంలో పెరిగిన డిస్కోసోమా నుంచి ఎర్రగా మెరిసే ఒక ప్రోటీన్‌ను వేరుచేశారు. అంతకుముందు జెల్లీఫిష్ నుంచి దొరికిన ఆకుపచ్చ ప్రోటీన్ ఉండేది. ఇప్పుడు ఎరుపు తోడైంది. బతికున్న కణంలో ఏది ఎక్కడికి వెళుతోందో రంగులతో గుర్తుపట్టడానికి ప్రపంచంలోని ఎన్నో ప్రయోగశాలలు నేటికీ ఆ ఎర్ర ప్రోటీన్ సంతతినే వాడుతున్నాయి. సముద్రానికి ఎంతో దూరంలో, మంచు కురిసే ఊళ్లో, ఒక గాజు తొట్టిలో, ఎవరో ఓపికగా వెలుతురు పట్టి పెంచిన పగడం ఇచ్చిన కానుక అది. శ్రద్ధగా చూసుకునే తొట్టి ఆటవస్తువు కాదు. ఇంట్లో పిల్లలకు అది ఒక జీవశాస్త్ర పాఠశాల.

కాబట్టి శ్రోతలకు నా విజ్ఞప్తి ఇదీ. డబ్బు కొద్దిగానే ఉంటే తొట్టి మీద కాకుండా లైటు మీద పెట్టండి. ఆరు వారాలు ఖాళీ నీటిని చూస్తూ ఆగగలరా అని మిమ్మల్ని మీరు ముందే అడిగి చూసుకోండి. ఆగలేమనిపిస్తే మంచినీటి చేపలతోనే సంతోషపడండి, అందులో లోటేమీ లేదు. ఆగగలమనుకుంటే తొట్టిలో పెరిగిన పగడాన్నే తెచ్చుకోండి, పెరిగాక పిలక తీసి మరొకరికి ఇవ్వండి. సముద్రంలో ఉన్నదాన్ని మాత్రం సముద్రంలోనే ఉండనివ్వండి.